మేస్త్రీ కొడుకు

పోయిన నెల కారం పట్టించడానికి మిరపకాయల సంచి పట్టుకుని పిండిమరకి వెళ్ళాను. ఈ రోజుల్లో ప్యాకెట్ కారం దొరకని ఊరు లేదు గానీ, ఆ ప్యాకెట్లలో కారం తప్ప మిగతావన్నీ ఉంటాయని నా అనుమానం. మరలో కాయలు పడ్డాయో లేదో, వరసలో నిలబడ్డవాళ్ళంతా ముక్కులకి కొంగులూ రుమాళ్ళూ అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తారు. మర ఆడించే ఆయన కూడా మొహానికి తువ్వాలు చుట్టుకున్నాడు. నేను మాత్రం అక్కడే స్టూలు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నాను. "మీకు ఘాటు తగల్లేదాండీ?" అని ఆయన తువ్వాల్లోంచే అడిగాడు. తగలకేం, తగిలింది. కాకపోతే ఆ ఘాటు పక్కన కూర్చుని అన్నం తిన్నవాణ్ణి, ఎక్కాలు బట్టీపట్టినవాణ్ణి. అరవై దాటాక ఇంక దానికి కొత్తగా తుమ్మడం దేనికి? ఇదంతా ఆయనకి చెప్పలేదు. కారం డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వస్తుంటే మాత్రం ఒక మనిషి నా పక్కన కూర్చుని వస్తున్నట్టే ఉంది. ఆయన గురించి ఎప్పుడో చెప్పాల్సింది. చెప్పుకునేంత మంచి పని నేను చేయలేదు కాబట్టి ఇన్నాళ్ళూ వాయిదా వేస్తూ వచ్చాను.

నాకు అయిదేళ్ళప్పుడు మా నాన్న బావిలో పూడిక తీస్తుండగా మట్టిపెళ్ళ విరిగి మీద పడి పోయాడు. మూడేళ్ళ తర్వాత మా అమ్మ మళ్ళీ పెళ్ళి చేసుకుంది. మాది పర్చూరు వైపు ఒక చిన్న ఊరు. చుట్టూ నల్లరేగడి, పత్తి, మిరప. మా పేటలో మారుమనువు వింతేమీ కాదు. చర్చిలో పాస్టరుగారే మూడు ఆదివారాలు ప్రకటన చదివి పెళ్ళి చేశారు. వింతగా తోచింది నా ఒక్కడికే. అమ్మని చేసుకున్న ఆయన గుంటూరు మిరపకాయల యార్డులో హమాలీ, ఒక ముఠాకి మేస్త్రీ. సోమవారం పొద్దున్నే బస్సెక్కితే మళ్ళీ శనివారం సాయంత్రం దిగేవాడు. ఆయన ఇంకా వీధి మలుపులో ఉండగానే ఇంట్లో నాకు తుమ్ములు మొదలయ్యేవి. ఎన్నిసార్లు స్నానం చేసినా, ఎన్నిసార్లు చొక్కా ఉతికినా ఆ ఘాటు వదిలేది కాదు. ఆదివారం ఆయన చర్చిలోకి వచ్చి చాప మీద కూర్చోగానే ముందు పక్కవాళ్ళు, తర్వాత వెనకవాళ్ళు, ఆఖరికి పాస్టరుగారు దగ్గడం మొదలుపెట్టేవారు. పాస్టరుగారు ప్రసంగం ఆపి, కళ్ళు తుడుచుకుని, "సహోదరుడు కిటికీ పక్కన కూర్చుంటే అందరికీ ఆశీర్వాదకరంగా ఉంటుంది" అనేవారు. ఆయన నవ్వుతూ లేచి కిటికీ దగ్గరికి జరిగేవాడు. జనం కూడా నవ్వేవారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టుండేది.

వచ్చిన కొత్తలో ఒకసారి ఆయన నా బుగ్గ నిమిరాడు. ఆ చేతుల్లో ఏళ్ళ తరబడి ఇంకిపోయిన కారం నా కళ్ళలోకి పాకింది. నేను ఊరంతా వినబడేలా కేకలు పెట్టాను. అమ్మ మజ్జిగతో నా మొహం కడుగుతుంటే ఆయన తన రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత ఆయన నన్ను మళ్ళీ ఎప్పుడూ ముట్టుకోలేదు. నేనంటే ఇష్టం లేకనే ముట్టుకోవడం లేదని నేను తీర్మానించుకున్నాను. చిన్నతనంలో ఇలాంటి తీర్మానాలు చాలా తేలిగ్గా చేస్తాం. తర్వాత వాటిని ఎవరూ వచ్చి రద్దు చేయరు. "నాన్నా అని పిలవరా" అని అమ్మ బతిమాలేది, తిట్టేది, ఒక పూట అన్నం పెట్టనని కూడా అంది. నేను ఆయన్ని ఏమనీ పిలిచేవాణ్ణి కాదు. పిలవక తప్పనప్పుడు గోడ వైపు తిరిగి, "అన్నానికి రమ్మంటుంది" అని గాల్లోకి అనేవాణ్ణి. ఆయన ఆ గాల్లోంచే నా మాట పట్టుకుని "వస్తన్నా నాన్నా" అనేవాడు. మా ఇద్దరిలో ఎదుటివాణ్ణి నాన్నా అని పిలిచినవాడు ఆయనే.

నాకు పన్నెండేళ్ళప్పుడు అమ్మకి నెలలు నిండాయి. పత్తి తీతల రోజులు. చేలో ఉండగానే నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేస్తే, ఎడ్లబండి మీద రోడ్డు దాకా, అక్కణ్ణించి లారీలో గుంటూరు తీసుకెళ్ళారు. నన్ను అమ్మమ్మ దగ్గర వదిలారు. మూడోరోజు పొద్దున ఆయన ఒక్కడే తిరిగొచ్చాడు. మగపిల్లాడు పుట్టాడనీ, ఒక పూట బతికాడనీ, అమ్మకి రక్తం చాలా పోయిందనీ, ఇంకా ఆసుపత్రిలోనే ఉందనీ అమ్మమ్మకి చెప్పాడు. ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. ఆయన అరుగు మీద నా పక్కన, ఎప్పటిలాగే కాస్త దూరంగా కూర్చున్నాడు. "తమ్ముడు పోయాడు నాన్నా" అన్నాడు.

"వాడు నాకేం తమ్ముడు కాదు. పోతేనే నాకు మంచిది" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. ఎవరూ నేర్పలేదు. ఆయన నా వైపు చాలాసేపు చూశాడు. కొడతాడని నేను భుజాలు బిగించుకుని కూర్చున్నాను. "అన్నం తిన్నావా?" అని అడిగాడు. లేచి, ముంత తీసుకుని దొడ్లోకి వెళ్ళాడు. ఎంతసేపటికీ రాలేదు. అమ్మకి ఈ సంగతి చెప్పేస్తాడని ఆ ఏడాదంతా భయపడుతూ బతికాను. చెప్పే ఉంటాడనీ, అందుకే అమ్మ అప్పుడప్పుడూ నన్ను అదోలా చూస్తోందనీ తర్వాత నమ్మకం కుదిరింది. నేను చేసిన తప్పుకి ఆయనే సాక్షి. అందుకని ఆయన మీద నా కోపం ఇంకాస్త పెరిగింది.

చదువుకున్నాను. గుంటూరులోనే ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. నా ఆఫీసుకీ ఆయన యార్డుకీ సైకిలు మీద పావుగంట దూరం. ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఎనభైల మధ్యలో నా పెళ్ళి కుదిరినప్పుడు శుభలేఖలో 'కీర్తిశేషులు' అని మా నాన్న పేరూ, పక్కన అమ్మ పేరూ వేయించాను. అది చూసి ఆయన నా గదికి వచ్చాడు. అది మొదటిసారీ, ఆఖరిసారీ. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"మీ నాన్న పేరు ఉండాల్సిందే. అది న్యాయం. కిందెక్కడన్నా ఓ మూల నా పేరు కూడా ఏయిస్తే మీ అమ్మ సంతోషపడుద్ది" అన్నాడు.

"మీరు నాకేమవుతారని వేయించాలి?" అన్నాను.

ఆయన నిజంగానే ఆలోచించాడు. నేను తెలియక అడిగినట్టూ, సరయిన జవాబు చెప్తే నాకు ఉపయోగపడుతుందన్నట్టూ నేల చూస్తూ కాసేపు నిలబడ్డాడు. ఆఖరికి "సరేలే నాన్నా" అని వెళ్ళిపోయాడు. పెళ్ళికి అమ్మ ఒక్కతే వచ్చింది. వధూవరుల్ని దీవించి, భోజనం చేయకుండా బస్సెక్కింది. మరుసటి ఏడాది, ఆయన ముందురోజు యార్డులోనే గుండె పట్టుకుని కూలిపోయాడనీ, శవాన్ని ఊరికి తెచ్చారనీ పగలు పదకొండింటికి మా ఊరి నుంచి ఆఫీసుకి టెలిగ్రాం వచ్చింది. మధ్యాహ్నం మా ఊరికి బస్సుంది. టెలిగ్రాం మడిచి జేబులో పెట్టుకుని ఫైళ్ళు చూసుకుంటూ కూర్చున్నాను. వారం తర్వాత చొక్కా ఉతకబోతూ మా ఆవిడ దాన్ని చూసింది. "మీరు ఇంత పని చేయగలరని నేననుకోలేదండీ" అంది. అమ్మ ఉత్తరాలు ఆగిపోయాయి.

మా ఆవిడ నీళ్ళోసుకున్నాక ఇల్లంతా సందడిగా ఉండాల్సింది. నాకు మాత్రం భయం తప్ప ఏమీ తెలిసేది కాదు. ఆవిడ నా చెయ్యి తీసుకుని కడుపు మీద పెడితే, ఎవరో నిప్పు మీద పెట్టినట్టు వెనక్కి లాక్కునేవాణ్ణి. "మీకు పిల్లలంటే ఇష్టమేనా?" అని ఒకరోజు అడిగింది. ఇష్టమేనని చెప్పాను. ఒక పసివాడి చావు కోరుకున్నవాడికి బిడ్డనెలా ఇస్తారని లోపల ఎవరో అడుగుతూనే ఉన్నారు.

ఎనిమిదో నెల వెళ్తుండగా, ఏప్రిల్ ఎండల్లో ఒక పొద్దున ఆవిడకి రక్తం పోవడం మొదలైంది. రిక్షాలో నర్సింగ్ హోమ్‌కి చేరేసరికి చీర తడిసిపోయింది. మాయ కిందికి ఉందనీ, వెంటనే ఆపరేషన్ చేయాలనీ, కనీసం రెండు సీసాల రక్తం చేతిలో లేకుండా కత్తి పట్టలేననీ డాక్టరమ్మ చెప్పింది. పరీక్ష చేస్తే ఓ నెగిటివ్ అని తేలింది. నాది కాదు. మా అత్తగారిదీ కాదు. రక్తనిధిలో ఆ రకం లేదు. ఇంటికి పరుగెత్తి, సైకిలేసుకుని ఆఫీసుకి పోయాను. నాతో రోజూ టీ తాగేవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒకాయన తనకి షుగరన్నాడు. ఇంకొకాయన వాళ్ళావిణ్ణి అడగాలన్నాడు. కాలేజీ హాస్టల్‌కి పోతే పరీక్షలైపోయి గదులన్నీ తాళాలేసి ఉన్నాయి. గుంటూరులో మేం వెళ్ళే చర్చి పాస్టరుగారు వెంటనే చొక్కా చేతులు మడుచుకుని వచ్చారు గానీ ఆయనది వేరే రకం. పన్నెండయింది. మళ్ళీ రక్తనిధి దగ్గరికే వచ్చి, ఏం చేయాలో తోచక మెట్ల మీద కూర్చుండిపోయాను. అక్కడి అటెండరు, ముసలాయన, నా పక్కకొచ్చి కూర్చున్నాడు.

"మిరపకాయల యార్డులో ఒక మేస్త్రీ ఉండేవోడు బాబూ. ఎవరికేం రక్తం కావాలన్నా మనుషుల్ని ఎంటేసుకొచ్చేవోడు. ఆయన పోయాడు పాపం. ముఠా మాత్రం ఉంది. పోయి అడుగు" అన్నాడు. ఆ మేస్త్రీ పేరు కూడా చెప్పాడు.

ఆ పేరు విని నేను లేచి నిలబడ్డాను. వెళ్ళగలిగిన చోట్లన్నీ అయిపోయాయి. వెళ్ళలేని చోటు అదొక్కటే మిగిలింది.

యార్డు నిండా ఎర్రటి గుట్టలు. గాలంతా మంట. కళ్ళ వెంట నీళ్ళు కారుతూ, దగ్గుతూ, కనబడిన ప్రతివాణ్ణీ అడుగుతూ వెళ్ళాను. ముఠా వాళ్ళు రేకుల షెడ్డు కింద వరసగా కూర్చుని సద్ది విప్పుకుంటున్నారు. వాళ్ళలో పెద్దాయన ఒకడు, తెల్ల మీసాలవాడు, "ఎవరు బాబూ కావాల?" అన్నాడు. నేను మేస్త్రీ పేరు చెప్పాను. పుట్టాక ఆ పేరు నా నోటితో పలకడం అదే మొదలు.

"ఆయన పోయి ఏడాదయిందే. నువ్వెవరు?"

"ఆయన కొడుకునండీ" అన్నాను.

ముద్ద కలుపుతున్న చేతులు ఆగిపోయాయి. పెద్దాయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "మట్టెయ్యడానికి రాని కొడుకువా?"

"అవునండీ. నేనే."

"నలభైమందిమి లారీ కట్టుకుని పోయాం. గోతి దగ్గర మీ అమ్మ పెట్టె దించనీలా. ఇంకాసేపు ఆగండయ్యా, మావాడు బస్సు దిగి వస్తుంటాడు అంది. ఎండలో రెండు గంటలు నిలబడ్డాం. ఇప్పుడెందుకొచ్చావ్?"

మా ఆవిడ, రక్తం, ఆపరేషన్ అని ఏవో ముక్కలు అన్నాను. పెద్దాయన నన్ను మొత్తం చెప్పనివ్వలేదు. సద్దిగిన్నె పక్కకి నెట్టి లేచాడు.

"ఏం గ్రూపు?"

"ఓ నెగిటివ్."

"మాలో ఆ రకం ముగ్గురం. ఒకణ్ణి నేను. ఒకడు చిలకలూరిపేట పోయి జిన్నింగు మిల్లులో చేరాడు." చేతులు కడుక్కుంటూ ఆగాడు. "మూడోవాడు మీ నాన్న."

చిలకలూరిపేట వైపు పత్తి కోసం పోతున్న లారీ ఎక్కించి ఒకతన్ని మిల్లుకి పంపించాడు. తను నా సైకిలు వెనక కూర్చున్నాడు. ఆయన మొహం నాకు కనబడదు, నా మొహం ఆయనకి కనబడదు. ఆ ఎండలో తొక్కుతుంటే వెనక నుంచి చెబుతూ వచ్చాడు. మా అమ్మకి రక్తం కావాల్సి వచ్చినప్పుడు మేస్త్రీ తనిచ్చిన ఒక సీసా చాలక రెండు రోజులు ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి, వచ్చేపోయే ప్రతి మనిషికీ చేతులు జోడించాడట. కారానికి ఎర్రబడిన ఆ కళ్ళు చూసి తాగొచ్చాడనుకుని జనం తప్పుకుని పోయారట. ఆఖరికెవరో దారినపోయే మాస్టారు ఇస్తే అమ్మ బతికింది. బిడ్డ అప్పటికే పోయాడు. ఆ మరుసటి వారం ఆయన యార్డుకొచ్చి, ముఠాలో ప్రతివాడూ రక్తం పరీక్ష చేయించుకోవాల్సిందేనన్నాడట. రక్తమిస్తే బస్తా ఎత్తలేమని అందరూ భయపడితే, మూడు నెలలు పోయాక ముందు తనే మళ్ళీ ఇచ్చి, తెల్లారి అందరికంటే ముందొచ్చి, అందరికంటే ఎక్కువ బస్తాలు మోసి చూపించాడట. "అప్పట్నించీ ఏ ఊరి ఆడకూతురికి కష్టమొచ్చినా పోతానే ఉన్నాం. ఎవుడిదేం గ్రూపో ఆయనకి నోటికొచ్చు. సంతకం పెట్టడం రాదు గానీ ఇది మాత్రం వచ్చు."

కొంచెం దూరం పోయాక మళ్ళీ అన్నాడు. "నీ పెళ్ళికార్డు తెచ్చి అందరికీ చూపించాడు. కొట్టు గుమాస్తా చదివి, ఇందులో నీ పేరేది మేస్త్రీ అన్నాడు. అచ్చు కొట్టేవోడు మర్చిపోయాడులే అన్నాడు మీ నాన్న."

నేను సైకిలు ఆపలేదు. ఆపితే మళ్ళీ తొక్కలేనని తెలుసు.

పెద్దాయన రక్తం ఒక సీసా వచ్చింది. ఇంకో సీసా కోసం ఆగితే ఇద్దరూ దక్కరని డాక్టరమ్మ మూడింటికి ఆపరేషన్ గదిలోకి వెళ్ళింది. అప్పటికి ముఠా మొత్తం, చేతిలో పని వదిలేసి, నర్సింగ్ హోమ్ వరండాలో గొంతుక్కూర్చుంది. పది నిమిషాల్లో వార్డు వార్డంతా దగ్గడం మొదలుపెట్టింది. నర్సమ్మ ముక్కు మూసుకుని వచ్చి, "మీ ఘాటుకి ఉన్న రోగులు కూడా పోయేట్టున్నారు, బయటికి పొండి" అని అరిచింది. వాళ్ళు బుద్ధిగా పంపు దగ్గరికి పోయి, చేతులూ కాళ్ళూ మొహాలూ కడుక్కుని మళ్ళీ వచ్చారు. దగ్గులు తగ్గలేదు. నర్సమ్మ మళ్ళీ అరవలేదు. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. పన్నెండేళ్ళప్పుడు నేనన్న మాటే చెవుల్లో మోగుతోంది. దాన్ని వెనక్కి తీసుకోవాలంటే ఎవరి దగ్గరికి పోవాలి? విన్నవాడు మట్టిలో ఉన్నాడు. ఎవరిని అన్నానో వాడు ఒక పూటకంటే ఎక్కువ బతకలేదు. ప్రార్థన కూడా రాలేదు. మా అత్తగారు నా బదులు కూడా తనే చేస్తున్నట్టు గొంతు పెంచింది.

లోపలి నుంచి నర్సు రెండుసార్లు వచ్చి, "రెండోది వచ్చిందా?" అని అడిగి వెళ్ళింది. అయిదు కావస్తుండగా గేట్లోంచి ఒక మనిషి పరుగెత్తుకుంటూ వచ్చాడు. జుట్టు మీద, కనుబొమల మీద, చెవుల్లో పత్తి నూగు. నిలువునా తెల్లగా ఉన్నాడు. "మేస్త్రీ కొడుకెవరు?" అని ఎగరొప్పుతూ అడిగాడు. ముఠా అంతా నా వైపు చెయ్యి చూపించింది. అతను నా భుజం మీద చెయ్యేశాడు. "ఏం కాదులే అన్నా. మా ఇంటిదానికి కాన్పప్పుడు మేస్త్రీయే ఇచ్చాడు" అంటూనే చొక్కా విప్పుకుని లోపలికి పోయాడు.

ఆడపిల్ల. రెండు గుప్పిళ్ళంత ఉంది. మా ఆవిడ కళ్ళు తెరవడానికి మర్నాడు మధ్యాహ్నమైంది. తెరిచి, "పాప ఉందా?" అంది. ఉందన్నాను. "మీరు ఎత్తుకున్నారా?" అంది. ఎత్తుకున్నానని చెప్పాను. నా గురించి ఆవిడ అడిగిన వాటిలో నేను నిజం చెప్పిన మొదటి జవాబు బహుశా అదే.

పదోరోజు మా ఊరు వెళ్ళాను. అమ్మ కళ్ళంలో కూర్చుని మిరపకాయల్లోంచి తాలుకాయలు ఏరుతోంది. చిక్కిపోయింది. నన్ను చూసి కూడా ఏరడం ఆపలేదు. పాప సంగతి, ముఠా సంగతి అంతా చెప్పాను. చేతులు కదులుతూనే ఉన్నాయి. అప్పుడు ఎదురుగా కూర్చుని, "నేను ఆరోజు అన్న మాట ఆయన నీకు చెప్పాడుగదమ్మా. అది తప్పేనే" అన్నాను.

"ఏం మాట?"

చెప్పాల్సి వచ్చింది. ఉన్నదున్నట్టు చెప్పాను. అమ్మ చేతిలో కాయలు జారిపోయాయి.

"నాకు చెప్పలా" అంది. "పిల్లోడు తమ్ముడి కోసం ఏడ్చి ఏడ్చి అన్నం తినకుండా పడుకున్నాడని చెప్పాడు. ఇన్నేళ్ళూ నేనదే అనుకుంటన్నా. నువ్వు మట్టెయ్యడానికి రాకపోయినా, ఒకప్పుడు అంత ఏడ్చినోడివి గదాని మనసు సరిపెట్టుకున్నా." తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నన్ను కొట్టింది కూడా, భుజం మీద, రెండుసార్లు, గట్టిగా. ఏడుపు తగ్గాక లేచి, "సమాధుల దొడ్లోకి పోయిరా. నేను చీర మార్చుకుంటా. మధ్యాహ్నం బస్సందుకోవాల" అంది.

నేను వెళ్ళాను. మట్టిదిబ్బ, చెక్క సిలువ, దాని మీద రంగు వెలిసిన పేరు. ఒక్కసారైనా పిలుద్దామనే వెళ్ళాను. పిలవలేకపోయాను. అమ్మ వచ్చి రెక్క పట్టుకుని లాక్కుపోయేదాకా అక్కడే నిలబడ్డాను. అమ్మ మాతో ఉండి పాపని పెంచింది. నాతో మామూలుగా మాట్లాడటానికి మాత్రం ఆవిడకి ఇంకో రెండేళ్ళు పట్టింది. అది ఎక్కువని నేనెప్పుడూ అనుకోలేదు.

ఆయన పోయేనాటికి ఆయనకి యాభై దాటి ఎన్నో ఉండవు. నేనిప్పుడు ఆయనకంటే చాలా పెద్దవాణ్ణి. తలచుకుంటే ఇప్పుడు నా కళ్ళకి కనబడేది అమ్మ మొగుడు కాదు, నాకంటే వయసులో చిన్నవాడు, కన్నబిడ్డని పాతిపెట్టి వచ్చి అరుగు మీద ఒంటరిగా కూర్చున్నవాడు. అతని పక్కకి జరిగి కూర్చోగలిగేంత వయసు కాలం నాకిచ్చింది, కాకపోతే అతను లేచి వెళ్ళిపోయిన చాలా ఏళ్ళకి ఇచ్చింది.